తువ్వాలు కింద ధర

పోయిన నెలలో ఇంటర్ పిల్లలకి ఇంగ్లీషు పాఠం చెబుతూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. మాట తెలియక కాదు. ఇరవై ఏళ్లుగా బాపట్లలో ఇదే పాఠం చెప్పుకుని బతుకుతున్నదాన్ని, ఆక్షన్ అంటే వేలం అని తెలియదా? బోర్డు మీద రాశాను. నామవాచకంగా ఎలా వాడాలో, క్రియగా ఎలా వాడాలో ఒక్కో వాక్యం కూడా రాశాను. వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచి, "మేడం, టీవీలో క్రికెట్ ఆటగాళ్లని కొంటారు కదండీ, అదేనా?" అంది. అదేనన్నాను. "మరి డబ్బున్నవాళ్లే గెలుస్తారు కదండీ, దాంట్లో పోటీ ఏముందండీ?" అంది.

క్లాసంతా నవ్వింది. నేను మాత్రం సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాను. దాదాపు ఈ ప్రశ్నే నన్ను ఒకాయన ఎప్పుడో అడిగాడు. అప్పుడూ జవాబు చెప్పలేదు. ఆయన పోయి అప్పటికి నాలుగు రోజులైంది.

ఆయనకి తెనాలిలో నిమ్మకాయల కమీషన్ కొట్టు ఉండేది. రైతులు తెచ్చిన కాయని కొనేవాళ్ల చేత వేలం పాడించడం, అందుకు రైతు దగ్గర కొంత తీసుకోవడం ఆ కొట్టు పని. మాది వేమూరు పక్క పల్లె. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ మా నాన్న తోటలో కాయ ఆయన కొట్టుకే వెళ్లేది. చుట్టరికం ఏమీ లేకపోయినా ఆయన నాన్నని "అన్నయ్యా" అనేవాడు, నేను ఆయన్ని "బాబాయ్" అనేదాన్ని. ఆయనకి అసలు పేరు ఒకటుందన్న సంగతి నాకు శుభలేఖ మీద రాయాల్సి వచ్చినప్పుడు తప్ప గుర్తొచ్చేది కాదు.

ఆ కొట్లో బేరం పైకి వినిపించేది కాదు. బాబాయ్ కుడి చేతిమీద మందపాటి తెల్ల తువ్వాలు కప్పుకుని కాయ రాశి పక్కన నిలబడేవాడు. కొనేవాళ్లు ఒక్కొక్కరే వచ్చి తువ్వాలు కింద చెయ్యి పెట్టి ఆయన వేళ్లు పట్టుకునేవాళ్లు. ఎన్ని వేళ్లు పడితే బస్తాకి అన్ని వందలు, ఐదు దాటితే మళ్లీ మొదటి వేలినుంచి పట్టుకోవడమే. వేలి మధ్య కణుపు దగ్గర నొక్కితే ఇంకో యాభై. అంతే, ఎవరూ నోరు విప్పరు. ఆయన కళ్లు మూసుకుని ఆ చెయ్యీ ఈ చెయ్యీ మనసులో వేసుకునేవాడు. అందరూ అయ్యాక కళ్లు తెరిచి, "ఈ రాశి ఫలానా వారికండి" అనేవాడు. ధర మాత్రం రైతు చెవిలో చెప్పేవాడు. మిగిలినవాళ్లకి "ఇవాళ మీకు అందలేదండి" అని ఒకే మాట. వేలు తక్కువైందో కణుపు తక్కువైందో చెప్పేవాడు కాదు. ఆ వీధిలో మిగతా కొట్లవాళ్లు చీటీలు రాయించుకోవడంలోకి మారిపోయినా ఆయన తువ్వాలు వదల్లేదు.

చెమట తుడుచుకునే తువ్వాలు వేరు, ఇది వేరు. దీన్ని ఇంట్లో ఆడవాళ్ల చేత కూడా ఉతికించేవాడు కాదు. గోళ్లు చివరంటా తీసుకునేవాడు. కొట్టు బయట ఎవరికీ చెయ్యి కలిపేవాడు కాదు, దణ్ణం పెట్టి సరిపెట్టేవాడు. నా పెళ్లిలో మా మామగారు చెయ్యి చాపితే ఆయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, "చెయ్యి ఇస్తే రేటు చెప్పినట్టవుద్ది బావగారూ" అన్నాడు. కోస్తా మర్యాదలు తెలియనివాళ్లు కాకపోయినా మా మామగారు ఆ మాట అర్థం కాక మూడు రోజులు కొట్టుకులాడారు. కట్నం గురించి ఏదో ఎత్తిపొడిచాడని చివరిదాకా ఆయన నమ్మకం.

బాబాయ్‌కి ఇంగ్లీషంటే పిచ్చి. నేను ఎం.ఏ. చేస్తున్నప్పటినుంచీ కొట్టుకి వెళ్తే టీ తెప్పించి, "ఒక మాట ఇచ్చి పోవమ్మా" అనేవాడు, అప్పు అడిగినంత సిగ్గుగా. అలా ఒకరోజు, "మేం చేసే ఈ పనిని ఇంగ్లీషులో ఏమంటారు?" అన్నాడు.

"ఆక్షన్ అంటారు బాబాయ్."

"అంటే?"

"అందరి ముందూ పోటీ పడి ధర పెంచుకుంటూ పోతారు. అందరికంటే ఎక్కువ చెప్పినవాళ్లకి సరుకు ఇచ్చేస్తారు."

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "అందరి ముందూనా? పైకి చెప్పా?"

"ఆఁ, పైకే."

"అయితే మేం చేసేది అది కాదేమోనమ్మా."

"అదే బాబాయ్. కాస్త తేడా, అంతే" అన్నాను. ఆ రోజుల్లో నాకు ప్రతిదీ కాస్త తేడాగానే కనిపించేది.

ఇక ఆ మాట ఆయన నోట్లో పడి నలిగిపోయింది. టిఫిన్ హోటల్లో చివరి పెసరట్టు మిగిలితే "ఆక్షన్ పెట్టవయ్యా" అనేవాడు. రేపల్లె పాసింజర్లో కిటికీ పక్క సీటు ఖాళీ అయితే ఆక్షన్. ఆయన భార్య, మా పిన్ని, చనిపోయిన ఏడాది నేను పలకరించడానికి వెళ్తే, "నన్ను మా కోడళ్లిద్దరూ ఆక్షన్లో పెట్టారమ్మా, ఎవరూ పాడట్లా" అని నవ్వాడు. నవ్వాలో బాధపడాలో తెలియక నేను వాడుక బాగానే ఉందని మెచ్చుకున్నాను. టీచర్ల బుద్ధి ఎక్కడికి పోతుంది.

ఇప్పుడు చెప్పబోయేది నాకు ఇష్టమైన సంగతి కాదు. దాదాపు పదేళ్ల కిందటి ఎండాకాలం, నాన్న గట్టు మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. సెలవులు కదా అని కాయతో నేను తెనాలి వెళ్లడం మొదలుపెట్టాను. ఆ వారం మా కాయకి వచ్చిన ధర నాకు తక్కువనిపించింది. మా ఊళ్లో ఒకాయన, "తువ్వాలు కింద ఎవరెంత నొక్కారో ఎవడు చూశాడమ్మా?" అన్నాడు. ఆ మాట చెవిలో జోరీగలా పట్టుకుంది. నా పెళ్లిలో నా చేత్తో పసుపు బట్టలు అందుకున్న మనిషిని, నేను పరీక్ష ఫీజు కట్టిన ప్రతిసారీ నా సంచీలో పది రూపాయలు కుక్కిన మనిషిని నేను అనుమానించాను. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ అనుమానించాను.

మర్నాడు కొనేవాళ్లెవరూ రాకముందే కొట్టుకి చేరాను. "బాబాయ్, ఇవాళ మా కాయని పైకి పాడించు. తువ్వాలు లేకుండా" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశాడు. నా అనుమానం కనిపించిందో లేదో నాకిప్పటికీ తెలియదు. "అన్నయ్య చెప్పమన్నాడా?" అన్నాడు.

"లేదు, నేనే అంటున్నాను. పోటీ ఉంటేనే కదా ధర వచ్చేది. ఆక్షన్ అంటే అదే కదా."

ఆయన చాలాసేపు చేతిమీది తువ్వాలు సర్దుకున్నాడు. "మావాళ్లు పాడలేరేమోనమ్మా" అన్నాడు. "ఎందుకు పాడలేరు?" అన్నాను. "సర్లే. చదువుకున్నదానివి. నువ్వు చెబితే రైటే అయ్యుంటది" అని తువ్వాలు మడిచి బల్ల మీద పెట్టాడు. తువ్వాలు లేకుండా ఆ చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక లాల్చీ జేబులో దోపుకున్నాడు.

కొనేవాళ్లు వచ్చారు. ఎనిమిది మందో తొమ్మిది మందో. అందులో పెద్ద వ్యాపారి ఒకాయన ఉండేవాడు. ఉత్తరాదికి వెళ్లే లారీ ఆయనదే. మిగిలిన చిన్నవాళ్లంతా తమ బస్తాలు ఆ లారీలోనే బాడుగకి వేసుకునేవాళ్లు. చిన్నవాళ్లలోకెల్లా చిన్నవాడు రేపల్లె కుర్రాయన. ముప్పై ఏళ్లుంటాయేమో, పొద్దున్నే మొదటి పాసింజర్లో దిగి, పదీ పదిహేను బస్తాలు కొనుక్కుని సాయంత్రం బండికి వెళ్లిపోయేవాడు.

"తువ్వాలు మర్చిపోయావేంటి బాబాయ్?" అన్నారెవరో.

"ఇవాళ ఆక్షన్ అండి. పైకే చెప్పాలి. అన్నయ్య కాయ, పదిహేను బస్తాలు. చెప్పండి" అన్నాడు బాబాయ్.

అందరూ నవ్వారు. ఆ తర్వాత అందరూ లారీ ఆయన వైపు చూశారు. ఆయన పళ్లు కుట్టుకుంటూ, "తొమ్మిదొందలు" అన్నాడు.

"తొమ్మిదొందలు. తొమ్మిదొందలండి" అన్నాడు బాబాయ్.

ఒకాయన ఫోన్ చూసుకుంటున్నాడు. ఒకాయన రేకుల కప్పుకేసి చూస్తున్నాడు. నాకు ఏమీ అర్థం కాలేదు. తొమ్మిది మంది పోటీదారులు, మంచి కాయ, మండే ఎండాకాలం, అయినా పోటీ మొదలవ్వదేమిటి? క్లాసులో జవాబు తెలిసి కూడా చెయ్యెత్తని పిల్లల్ని చూసినట్టు ఒక్కొక్కరినీ చూశాను. రేపల్లె కుర్రాయన పెదవులు కదిలాయి. నేను ఆయన వైపు చూసి తలూపాను. చెప్పు, చెప్పు అన్నట్టు.

"వెయ్యి నూరు" అన్నాడు.

లారీ ఆయన నెమ్మదిగా వెనక్కి తిరిగాడు. కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. "నువ్వా?" అన్నాడు. మళ్లీ పళ్లు కుట్టుకుంటూ, "తీసుకో తమ్ముడూ. నాకొద్దు" అన్నాడు. బాబాయ్ మూడుసార్లు అడగాల్సింది ఒక్కసారే అడిగి ఆపేశాడు. నాకు మాత్రం ఒళ్లంతా గాల్లో తేలినట్టుంది. అనుకున్నదానికంటే మంచి ధర. ఇంగ్లీషు మాటకి అర్థం కళ్ల ముందు నడిచినట్టుంది.

సాయంత్రం నాన్నకి చెబితే ఆయన సంతోషించలేదు. మంచం మీదనుంచి లేవబోయి, కాలు నొప్పికి మళ్లీ పడుకున్నాడు. "పైకి పాడించారా? ఎవడికి పుట్టింది ఆ బుద్ధి?" అన్నాడు.

"నాకే. ఏమైంది?"

"తువ్వాలు రేటు దాచడానికనుకున్నావటే? ఆ పిల్లాడు రోజూ ఆ లారీవాడి మీద నొక్కుతానే ఉన్నాడు. ఎవడెంత నొక్కాడో తెలీదు గనక, లారీవాడికి అందకపోతే మీ బాబాయ్‌ని తిట్టుకుంటాడు, ముసలాడు నాకివ్వలేదని. అంతేగానీ ఫలానావాడు నా మీదకొచ్చాడని ఉండదు. ఇవాళ పదిమందిలో నోరెత్తాడు. ఇంక లారీలో చోటిస్తాడా వాడు?"

"అంతమాత్రానికే ఇవ్వరా నాన్నా?"

"చూస్తావుగా" అన్నాడు.

నేను చూడలేదు. చూడకుండా ఉండటానికి సెలవులు అయిపోయాయన్న సాకు దొరికింది. బాపట్ల వెళ్లిపోయాను. నాన్న కాలు బాగుపడి, కాయ మళ్లీ ఆయనే తీసుకెళ్లడం మొదలుపెట్టాడు. తర్వాతి ఏడాది నేను కొట్టుకి వెళ్లినప్పుడు తువ్వాలు బాబాయ్ చేతిమీదే ఉంది. రేపల్లె కుర్రాయన లేడు.

"ఆయన రావట్లేదా బాబాయ్?" అన్నాను.

"వేరే పని చూసుకున్నాడమ్మా. బాగానే ఉన్నాడు" అన్నాడు. నమ్మాలని ఉంది కాబట్టి నమ్మాను.

ఆ తర్వాత ఆయన నన్ను ఇంగ్లీషు మాటలు అడగడం మానేశాడు. ఆక్షన్ అన్న మాట ఆయన నోట మళ్లీ సరదాగా వినలేదు. టీ మాత్రం తెప్పించేవాడు. ఒక్కసారే, అదీ నేను లేచి వెళ్లబోతుంటే, "ఎక్కువ చెప్పినవాడికే ఇవ్వాలని ఆ మాటలోనే ఉందా అమ్మా, మనం అనుకుంటున్నామా?" అన్నాడు.

"మాటలోనే ఉంది బాబాయ్."

"నోరు తెరిచే దమ్ము ఉన్నోడే కదా చెబుతాడు. మరి దాంట్లో పోటీ ఏముంది?"

నిఘంటువులో ఉన్నదేదో చెప్పబోయాను. ఆయన వినడం లేదు. తన వేళ్లు తనే ఒక్కొక్కటీ పట్టుకుని చూసుకుంటున్నాడు. రైలుకి టైమైందని వచ్చేశాను.

ఆయన పోయాడని నాన్న ఫోన్ చేసినప్పుడు కాలేజీలో యూనిట్ పరీక్షల ఆఖరి రోజు. వెళ్లలేకపోయాను. పెద్దకర్మకి వెళ్లాను. నాన్న మోకాళ్ల నొప్పులతో రాలేనన్నాడు. తెనాలిలో వాళ్లింటి ముందు షామియానా కట్టి భోజనాలకి బల్లలు వేశారు. నా పక్కన కూర్చున్న మనిషి నన్ను చూసి, "అక్కగారూ, వేమూరు అన్నయ్యగారి అమ్మాయి కదండీ?" అన్నాడు. జుట్టు పలచబడింది, పొట్ట వచ్చింది. నవ్వితే గుర్తుపట్టాను. రేపల్లె ఆయన.

"ఏం చేస్తున్నావు తమ్ముడూ ఇప్పుడు?" అన్నాను.

"బస్టాండు దగ్గర ఫోన్ కవర్లు అమ్ముకుంటున్నానండి."

"నిమ్మకాయలు?"

"ఎక్కడివండి. ఆ రోజు కొన్న బస్తాలే లారీ ఎక్కలేదు. రెండు రోజులకి మెత్తబడిపోతే రేపల్లె ప్లాట్‌ఫారం మీద పోసి అమ్మాను. మర్నాడు కూడా చోటు లేదన్నారు. ఆ మర్నాడూ అంతే. మా ఆవిడ గాజులు అప్పుడు పోయినయ్యే, మళ్లీ చేయించలేకపోయా" అన్నాడు. మామూలుగానే చెప్పాడు. నా విస్తట్లో ఎవరో పప్పు వేశారు.

"బాబాయ్ నీకోసం ఏం చెయ్యలేదా?"

"ఆయనా?" అని బల్లకేసి చూశాడు. "ఆయన రేపల్లె వచ్చేవాడండి. ఏడాదికి రెండు మూడుసార్లు. నా బండి ముందు నిలబడి ఒక కవర్ తీసుకునేవాడు. ఆయనది బటన్ ఫోన్ అండి, ఏ కవరూ దానికి పట్టదు. డబ్బులిచ్చి, కాసేపు నిలబడి, స్టేషన్‌కి వెళ్లిపోయేవాడు. నేను పదేళ్లలో ఒక్క మాట మాట్లాడలేదండి ఆయనతో."

"ఎందుకు?"

"నన్ను అంతమందిలో ఇరికించింది ఆయనే కదండి. రెండోరోజే వెళ్లి అడిగాను, ముప్పై ఏళ్లు లేనిది ఆ రోజే తువ్వాలు ఎందుకు తీశావ్ అని. నాకే బుద్ధి గడ్డి తిన్నదిరా, నేనే తీశాను అన్నాడు. ఇంకేం చెప్పలేదు. నోటికొచ్చినట్టు తిట్టి వచ్చేశాను. అదే ఆఖరు. ఇవాళ వద్దామా మానేద్దామా అని కూడా అనుకున్నానండి, ఎందుకో కాళ్లు ఆగలేదు."

ఎవరి వేళ్లు ఎక్కడ నొక్కాయో ఎవరికీ చెప్పని మనిషి, ఇదీ చెప్పలేదు. నన్ను కాపాడాలనా, తీసింది తన చెయ్యే కాబట్టి తప్పు తనదే అనుకున్నాడా, లేక చెప్పకపోవడం ఆయనకి అలవాటైపోయిందా, ఎంత ఆలోచించినా నాకు తెలియడం లేదు. ఒక్కటి మాత్రం తెలుసు. రేపల్లె బస్టాండులో ఆయన నిలబడిన చోట నిలబడాల్సింది నేను.

"తమ్ముడూ, తువ్వాలు తీయమన్నది నేను. ఆయన వద్దంటున్నా వినకుండా తీయించాను. నువ్వు పాడాలని తలూపింది కూడా నేనే" అన్నాను.

అతను ముద్ద కలపడం ఆపాడు. నా వైపు చూడలేదు. ఎదురుగా కుర్చీలో పూలదండ వేసిన ఫోటో వైపు చూశాడు. "ఆయన మీ పేరు చెప్పలేదండి" అన్నాడు.

"తెలుసు."

"మీరన్నా చెప్పాల్సిందండి, అప్పుడే."

ఏదో అనబోయాను. క్షమించమనో, ఏదైనా చేస్తాననో. అతను చెయ్యి అడ్డం పెట్టాడు. గొంతులో కోపం లేదు. దారి తప్పినవాడు దారి అడిగినట్టు అడిగాడు.

"ఇప్పుడు నేనెవరితో మాట్లాడాలండి అక్కగారూ?"